శల్యుడికి పట్టాభిషేకం

2026 ఆగస్టు 8తో ఒక పట్టాభిషేకానికి నలభై ఏళ్లు నిండుతాయి. రాజు ఇనుముతో చేసినవాడు. బాకాలు ఊదినవాళ్లు బుల్‌డోజర్లు, క్రేన్లు. 1986లో అదే తేదీన అమెరికా థియేటర్లలో విడుదలైన ‘ది ట్రాన్స్‌ఫార్మర్స్: ది మూవీ’ అనే కార్టూన్ సినిమాలో జరిగిన తంతు ఇది. నాయకుడి కుర్చీ మీద కన్నేసి, రెండేళ్లపాటు టీవీలో ఎడతెగని కుట్రలు పన్నిన స్టార్‌స్క్రీమ్ అనే రోబో ఎట్టకేలకు ఆ రోజు కిరీటం పెట్టుకున్నాడు. ఆ ఏలుబడి ఎంతసేపు సాగిందో తర్వాత చెప్పుకుందాం.

మంచి రోబోల నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్ గురించి రాసేవాళ్లకు ఆ సందర్భంగా కొదవుండదు. ధీరోదాత్తుడు, త్యాగశీలి, పైగా లారీ. ఆయన విగ్రహానికి దండలు వేసే పని వాళ్లకే వదిలేద్దాం. ఈ వ్యాసం రెండో వరసలో నిలబడి, ముందున్నవాడి వీపు చూస్తూ పళ్లు నూరినవాడి గురించి.

యంత్రం పక్షం మార్చడం పాత కథే. ‘లోకపన్నత్తి’ అనే పాళీ గ్రంథంలో అజాతశత్రువు బుద్ధుడి ధాతువులను నేలమాళిగలో దాచి, వాటికి కాపలాగా యంత్రభటులను నిలబెడతాడు. తరాలు గడిచాక అశోకుడు ఆ ధాతువులను వెతుక్కుంటూ వస్తే ఆ యంత్రాలు అడ్డం నిలుస్తాయి. వాటి కీలకం తెలిశాక అశోకుడి చెప్పుచేతల్లోకి వచ్చేస్తాయి. పదకొండో శతాబ్దంలో భోజరాజు పేరిట వెలువడిన ‘సమరాంగణ సూత్రధార’లో యంత్రాలకు ఒక అధ్యాయమే ఉంది. అక్కణ్నుంచి ఒక్క అంగలో 1920కి వస్తే, చెక్ రచయిత కారెల్ చాపెక్ తన ‘ఆర్‌యూఆర్’ నాటకంలో రోబోల చేత ఏకంగా మానవజాతి మీదే తిరుగుబాటు చేయించాడు. తొమ్మిది వందల ఏళ్లను ఇలా దాటేస్తే పండితులు కోప్పడతారు, నిజమే. కానీ ఆ మధ్యలో ఎక్కడా మనక్కావలసినవాడు దొరకడు. అశోకుడి యంత్రాలకు యజమాని మారాడంతే, వాటికంటూ ఆశలేమీ లేవు. చాపెక్ రోబోలకు కోపం ఉంది గానీ అది జాతి మొత్తానిది. పై అధికారి కుర్చీ మీద సొంత ఆశ, అది దక్కనందుకు సొంత పగ, ఈ రెండూ ఉన్న యంత్రం కోసం టోక్యో బొమ్మల దుకాణాల దాకా ఆగాలి.

పుట్టుకతోనే ఫిరాయింపు

జపాన్ కంపెనీ తకారా 1980లో ‘డయాక్లోన్’ పేరుతో ఒక బొమ్మల వరస మొదలుపెట్టింది. అంగుళం ఎత్తు పైలట్లు, వాళ్ల పాదాలకు అయస్కాంతాలు, వాళ్లెక్కి నడిపే యంత్రాలు. శత్రువుల పేరు వారుడర్లు, పురుగుల ఆకారంలో ఉంటారు. మొదట్లో అన్నీ ఊహాలోకపు వాహనాలే. 1982 నుంచి రోడ్డు మీద కనిపించే కార్లే రోబోలుగా మారడం మొదలైంది. 1983లో ఎఫ్-15 ఈగిల్ యుద్ధవిమానం వచ్చింది. మన కథానాయకుడి దేహం అదే. ఇక్కడో ముచ్చట గమనించాలి. డయాక్లోన్ కథలో ఆ విమానం మంచివాళ్ల పక్షం. పురుగుల బారి నుంచి మనుషులను కాపాడే పైలట్ దాన్ని నడిపేవాడు. సముద్రం దాటి అమెరికా చేరాకే అది దుర్మార్గుల పక్షంలో చేరింది. అంటే స్టార్‌స్క్రీమ్ నోరు తెరిచి ఒక్క మాట మాట్లాడకముందే, పేరైనా పెట్టకముందే, ఒకసారి జెండా మార్చేశాడు. ఆ పాత కొలువుకు సాక్ష్యం కూడా మిగిలింది. తొలితరం స్టార్‌స్క్రీమ్ బొమ్మ దొరికితే విమానం ముక్కు వెనకున్న అద్దపు మూత ఎత్తి చూడండి. లోపల బుల్లి కుర్చీ ఉంటుంది. సొంతంగా ఆలోచించే రోబోకు పైలట్ కుర్చీ ఎందుకు? ఎందుకూ కాదు. అచ్చు మార్చడానికి డబ్బు దండగని అలాగే వదిలేశారు.

ఆ బొమ్మ చేతిలో పట్టుకుంటే పిల్లల కంటే పెద్దలకే భయం వేస్తుంది. రెక్కలు విడిగా ఊడొస్తాయి, తోకలు విడిగా, పిడికిళ్లు విడిగా, క్షిపణులు విడిగా. విమానంగా మార్చాలంటే పిడికిళ్లు పీకి పక్కన పెట్టాలి. పక్కన పెట్టినవి మంచాల కిందికీ సోఫా సందుల్లోకీ చేరతాయి. క్షిపణులు విసిరే స్ప్రింగులను అమెరికా భద్రతా నియమాల కోసం మెత్తబరిచారు. జపాన్‌లో దూసుకెళ్లినవి అక్కడ నీరసంగా జారిపడేవి. ఈ స్వభావం కూడా అతనికి తర్వాత అతికినట్టు సరిపోయింది.

రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని పాటకెట్ కేంద్రంగా అప్పట్లో పనిచేస్తున్న హస్బ్రో కంపెనీకి ఈ బొమ్మల విలువ పట్టించినవారిలో హెన్రీ ఓరెన్‌స్టైన్ ఒకరు. పోలండ్‌లో పుట్టి, నాజీ నిర్బంధ శిబిరాల నుంచి బతికి బయటపడి, అమెరికాలో బొమ్మల వ్యాపారిగా ఎదిగిన మనిషి. తర్వాతి కాలంలో టీవీ పోకర్‌లో ఆటగాళ్ల చేతిలోని ముక్కలు ప్రేక్షకులకు చూపించే కెమెరాకు పేటెంటు కూడా ఆయనదే. ఎదుటివాడు దాచుకున్న ముక్క చూడాలన్న సరదా ఈయనకు ముందునుంచీ ఉన్నట్టుంది. తకారా నుంచి రెండు వేర్వేరు వరసల బొమ్మలు తెచ్చి ఒక్కటిగా కలిపేశారు. అందుకే దుర్మార్గుల నాయకుడు మెగాట్రాన్ పిస్తోలుగా మారతాడు, సౌండ్‌వేవ్ టేప్ రికార్డరవుతాడు, స్టార్‌స్క్రీమ్ ఏకంగా యుద్ధవిమానం అవుతాడు. పరిమాణాల పొంతన గురించి అడిగేవాళ్లు బొమ్మల కంపెనీల్లో పనిచేయరు.

బొమ్మలు ఉన్నాయి, కథ లేదు. కథ కోసం మార్వెల్ కామిక్స్‌ను అడిగారు. అక్కడ జిమ్ షూటర్ మూలకథ రాశాడు. డెనీ ఓనీల్ ‘ఆప్టిమస్ ప్రైమ్’ అనే పేరు ఇచ్చి తప్పుకున్నాడు. మిగిలిన పేర్లూ స్వభావాలూ రాసే పని బాబ్ బుడియాన్‌స్కీ అనే యువ ఎడిటర్ నెత్తిన పడింది. 1983 నవంబరులో, థాంక్స్‌గివింగ్ సెలవుల ముందు. ఇంట్లో అందరూ టర్కీ కోడి తింటుంటే ఈయన రెండు డజన్లకు పైగా ఇనుప ముద్దలకు పుట్టుపూర్వోత్తరాలు రాస్తూ కూర్చున్నాడు. మెగాట్రాన్ పేరు మరీ భయపెట్టేలా ఉందని హస్బ్రో వాళ్లు నసిగితే, విలన్ భయపెట్టడానికేగా ఉన్నదని నచ్చజెప్పిందీ ఆయనే.

ప్రతి డబ్బా వెనకా ఒక్కో పాత్రకు బలం, తెలివి, వేగం వంటి ఎనిమిది గుణాల పట్టిక ముద్రించారు. మామూలుగా చూస్తే గజిబిజి గీతలే. లోపలున్న ఎర్రటి ప్లాస్టిక్ ముక్క ఆనించి చూస్తే అంకెలు బయటపడతాయి. స్టార్‌స్క్రీమ్ వేగం 10. తెలివి 9. ధైర్యం కూడా 9! కార్టూన్ చూసినవాళ్లకు ఇక్కడ నవ్వాగదు. అసలు విశేషం ర్యాంకులో ఉంది. స్టార్‌స్క్రీమ్ ర్యాంకు 9, మెగాట్రాన్‌ది 10. నలభై ఏళ్ల గొడవంతా ఆ ఒక్క పాయింటు గురించే.

మర్నాడు మొదలైన కథ

అప్పట్లో అమెరికాలో బొమ్మను ముందు పెట్టుకుని దాని చుట్టూ టీవీ కార్యక్రమం అల్లడాన్ని నియంత్రణ సంస్థలు కోపంగా చూసేవి. రేగన్ హయాంలో ఆ పట్టు సడలింది. పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనల పరిమితులను 1984లో ఎత్తేశారు. ‘ది ట్రాన్స్‌ఫార్మర్స్’ కార్టూన్ ఆ సంవత్సరమే సెప్టెంబరు 17న మొదలైంది. తెలుగు పాఠకులకు ఆ తేదీ పక్కనే ఇంకో తేదీ గుర్తు రావాలి. ఎన్టీఆర్ పదవి పోయి, నాదెండ్ల భాస్కరరావు నెల రోజులు ముఖ్యమంత్రిగా ఉండి, ఎన్టీఆర్ తిరిగి ముఖ్యమంత్రి అయినది 1984 సెప్టెంబరు 16. మనవాళ్లు హైదరాబాదులో ఆ నాటకం ముగిసిందని ఊపిరి పీల్చుకున్న మర్నాడే, అమెరికా పిల్లలకు టీవీలో నాయకుడికి ఎసరు పెట్టే సేనాని పరిచయమయ్యాడు. యాదృచ్ఛికమే. ఆ తర్వాతి ఏడాది మన పార్లమెంటు ఫిరాయింపుల నిరోధక చట్టం చేసింది. ఈ రోబోల సొంత గ్రహం సైబర్‌ట్రాన్ మీద అలాంటి చట్టాలేవీ లేవు.

కథ ఇది. సైబర్‌ట్రాన్ అనే లోహగ్రహం మీద మంచి ఆటోబాట్లకూ చెడ్డ డిసెప్టికాన్లకూ యుద్ధం. ఇంధనం అయిపోయి వెతుక్కుంటూ బయల్దేరి, భూమ్మీద ఒక అగ్నిపర్వతంలో కూలిపోతారు. నలభై లక్షల ఏళ్లు నిద్ర. (నేను తొమ్మిది వందల ఏళ్లు దాటేసినందుకు నొచ్చుకున్న పండితులు ఇది గమనించ ప్రార్థన.) 1984లో పర్వతం పేలి, నౌకలోని కంప్యూటర్ మేల్కొని మొదట డిసెప్టికాన్లను బాగుచేస్తుంది. వాళ్లు బయటపడి వెళ్లిపోతారు. ఆటోబాట్లు అలాగే పడి ఉన్నారు. యుద్ధం నిజానికి అక్కడితో అయిపోయినట్టే, చెడ్డవాళ్లు గెలిచినట్టే. కానీ స్టార్‌స్క్రీమ్ వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, ఉత్తి కసికొద్దీ, కొండ మీదికి నాలుగు దెబ్బలు కాల్చాడు. రాళ్లు దొర్లాయి, ఆ కుదుపుకు ఆప్టిమస్ ప్రైమ్ దేహం జరిగి కంప్యూటర్ మరమ్మతు కిరణం కిందికి చేరింది. ఆయన లేచాడు, మిగతావాళ్లను లేపాడు. 98 ఎపిసోడ్ల యుద్ధానికీ ఆ తర్వాత ఇన్నేళ్ల సినిమాలకూ మూలం ఆ చిల్లర పగే. ఆటోబాట్లు వాళ్ల ప్రధాన కార్యాలయంలో స్టార్‌స్క్రీమ్ ఫొటో పెట్టుకుని రోజూ అగరొత్తులు వెలిగించాలి.

యుద్ధాల్లో వెన్నుపోటు పొడిచినవాళ్లు మనకు చాలామంది తెలుసు. కానీ స్టార్‌స్క్రీమ్‌కు దగ్గరి బంధువు విభీషణుడు కాదు, శల్యుడు. విభీషణుడు ధర్మం పేరు చెప్పి పక్షం మారాడు. శల్యుడు మారలేదు. కౌరవుల పక్షానే ఉండి, కర్ణుడి రథం తోలుతూ, తోలినంతసేపూ నువ్వు అర్జునుడికి సరితూగవని దెప్పి ప్రాణం తీశాడు. స్టార్‌స్క్రీమ్ కూడా అంతే. ఆటోబాట్లలో చేరాలన్న ఆలోచన అతనికి పెద్దగా లేదు. మెగాట్రాన్ పక్కనే నిలబడి, ఈ పథకం పారదని ముందే చెబుతాడు. పారకపోతే నేను చెప్పలేదా అంటాడు. పారేలా ఉంటే తనే చెడగొడతాడు. మెగాట్రాన్ కింద పడితే ఆయనింకా ఊపిరి తీస్తుండగానే ‘ఇక నేనే నాయకుణ్ని’ అని ప్రకటిస్తాడు. లేచి నిలబడితే కాళ్ల మీద పడతాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అన్న సామెతకు ఇంతకంటే శుద్ధమైన ఉదాహరణ ఏ పురాణంలోనూ లేదు.

మరి మెగాట్రాన్ ఇతన్ని ఎందుకు ఉంచుకున్నాడు? అభిమానులు నలభై ఏళ్లుగా దీనికి రకరకాల తాత్విక సమాధానాలు చెబుతున్నారు. పక్కలో బల్లెం ఉంటే రాజు అప్రమత్తంగా ఉంటాడని, ఆకాశసేనను నడిపే మొనగాడు ఇంకొకడు లేడని. నాకు తోచినది ఇంకా మోటుగా ఉంటుంది. ఆ కార్టూన్‌లో ఎపిసోడ్ చివరికి అందరూ మొదట్లో ఎలా ఉన్నారో అలాగే ఉండాలి. దుకాణంలో బొమ్మ మారదు గనుక తెరమీద పాత్రా మారకూడదు. ధైర్యవంతుడు ధైర్యంగానే ఉంటాడు, మూర్ఖుడు మూర్ఖంగానే. ఇన్ని పాత్రల్లో తన దగ్గర లేనిది ఒకటి కావాలని కోరుకున్నవాడు స్టార్‌స్క్రీమ్ ఒక్కడే. కోరిక ఉన్నచోటే కథ నడుస్తుంది. అతన్ని తీసేస్తే మిగిలేది అరగంట ప్రకటన.

ఆ గొంతు సంగతి చెప్పకుండా ముందుకు పోకూడదు. క్రిస్ లట్టా అనే హాస్య కళాకారుడు పలికించాడు. పలక మీద మేకు గీసినట్టుండే కీచుగొంతు. బతిమాలుతున్నప్పుడు కూడా లోపల బెదిరింపు వినిపిస్తుంది. బెదిరిస్తున్నప్పుడు ఏడుపు వినిపిస్తుంది. అదే కాలంలో, అదే హస్బ్రో వాళ్ల ‘జి.ఐ. జో’ కార్టూన్‌లో కోబ్రా కమాండర్‌కూ ఆయనే గొంతు ఇచ్చాడు. అక్కడ ఆయన చేతకాని నాయకుడు, ఇక్కడ నాయకుణ్ని చేతకానివాడనే సేనాని. ‘ది సింప్సన్స్’ తొలి రోజుల్లో మిస్టర్ బర్న్స్‌కూ కొన్నాళ్లు ఆయనే మాట్లాడాడు, తర్వాత ఆ పాత్ర వేరేవాళ్లకు పోయింది. 1994లో, 44వ ఏట చనిపోయాడు. తర్వాత వచ్చిన ప్రతి స్టార్‌స్క్రీమూ, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఆ కీచుతనానికి జవాబుగానే పలికాడు.

మొదటి సీజన్‌లో ‘ఫైర్ ఇన్ ద స్కై’ అనే ఎపిసోడ్ ఒకటుంది. ఉత్తరధ్రువం దగ్గర మంచులో కూరుకుపోయిన ఒక భారీ రోబో డిసెప్టికాన్లకు దొరుకుతాడు. పేరు స్కైఫైర్. చూడగానే స్టార్‌స్క్రీమ్ గుర్తుపడతాడు. యుద్ధానికి ముందు వీళ్లిద్దరూ శాస్త్రవేత్తలు! గ్రహాలు తిరిగి పరిశోధనలు చేసేవాళ్లు. భూమికి వచ్చినప్పుడు తుపానులో స్కైఫైర్ తప్పిపోయాడు, ఇతను వెతికి వెతికి దొరక్క ఒంటరిగా ఇంటికి వెళ్లాడు. అంతటి విలన్‌కు ఒకప్పుడు స్నేహితుడు ఉన్నాడని, ఆ స్నేహితుడి కోసం మంచుతుపానులో తిరిగాడని విన్న పిల్లలు ఏమనుకున్నారో గానీ, పెద్దయ్యాక చూసినవాళ్లకు మాత్రం గొంతులో ఏదో అడ్డం పడుతుంది. కథ అక్కడ ఆగదు. బందీలను చంపమంటే స్కైఫైర్ చంపనంటాడు. స్టార్‌స్క్రీమ్ తన పాత నేస్తాన్నే కాల్చి పడేస్తాడు. అతని దృష్టిలో ద్రోహి స్కైఫైరే. ఎవరి లెక్క వాళ్లది.

రెండో సీజన్‌లోని ‘స్టార్‌స్క్రీమ్స్ బ్రిగేడ్’ ఎపిసోడ్‌లో కుట్ర బెడిసికొట్టి, మెగాట్రాన్ ఇతన్ని గ్వాడల్‌కెనాల్ ద్వీపానికి వెళ్లగొట్టాడు. రెండో ప్రపంచయుద్ధం వదిలేసిపోయిన తుప్పు బండ్ల మధ్య కూర్చుని ఇతను ఏడవలేదు. సైబర్‌ట్రాన్ చెరసాల్లోని ఖైదీల వ్యక్తిత్వాలను దొంగిలించుకొచ్చి ఆ పాత ఇనుములో బిగించి, కంబాటికాన్లనే సొంత దళం తయారుచేశాడు. అయిదుగురూ కలిస్తే ఒకే మహాకాయుడు. దాంతో మెగాట్రాన్‌ను నిజంగానే లొంగదీశాడు కూడా, కాసేపు. ఆ ఎపిసోడ్ కాలానికే కంబాటికాన్ల బొమ్మలు దుకాణాలకు వచ్చాయన్నది వేరే చెప్పక్కర్లేదు. పాపం, అతని తిరుగుబాటు కూడా అమ్మకానికే.

బుల్‌డోజర్ల బాకా

ఇక 1986 ఆగస్టు. దర్శకుడు నెల్సన్ షిన్, రచయిత రాన్ ఫ్రీడ్‌మన్. కథాకాలం అప్పటికి భవిష్యత్తయిన 2005. గొంతుల జాబితా చూస్తే కళ్లు తిరుగుతాయి. గ్రహాలను మింగే యూనిక్రాన్‌కు ఆర్సన్ వెల్స్. ‘సిటిజన్ కేన్’ తీసిన ఆ మహానుభావుడికి ఇదే చివరి పాత్ర. 1985 అక్టోబరు 10న, ఈ మాటలు రికార్డు చేసిన కొద్దిరోజులకే కన్నుమూశాడు.

సినిమా మొదలైన కాసేపటికే ఆప్టిమస్ ప్రైమ్, మెగాట్రాన్ తలపడి ఇద్దరూ తీవ్రంగా గాయపడతారు. ప్రైమ్ చనిపోతాడు. థియేటర్లలో పిల్లలు భోరున ఏడ్చారు, తల్లిదండ్రుల ఫిర్యాదులు వెల్లువెత్తాయి. ఆ దెబ్బకు అప్పుడు తయారవుతున్న ‘జి.ఐ. జో’ సినిమాలో చావాల్సిన డ్యూక్ అనే నాయకుణ్ని కోమాలోకి పంపి సరిపెట్టారు. అందరూ ఆ కన్నీళ్ల గురించే రాస్తారు. నా కళ్లు మాత్రం అవతలి శిబిరం మీదే ఉంటాయి.

ఓడిన డిసెప్టికాన్లు అంతరిక్షనౌకగా మారే ఆస్ట్రోట్రెయిన్ కడుపులో కూర్చుని ఇంటికి బయల్దేరారు. బరువు ఎక్కువైంది, కొందరిని దించకపోతే చేరలేనని ఆస్ట్రోట్రెయిన్ మొరపెట్టుకున్నాడు. గాయపడినవాళ్లను పారేద్దామన్నారు. పెద్ద చర్చేమీ లేదు. అవుననాల్సినవాళ్లు అవునన్నారు, గాయపడినవాళ్లు వద్దన్నారు, సంఖ్యాబలం నెగ్గింది. ఆ జట్టు చేసిన ఏకైక ప్రజాస్వామిక నిర్ణయం బహుశా ఇదే. మెగాట్రాన్‌ను తలుపు దాకా తెచ్చింది స్టార్‌స్క్రీమ్. ఇంకా బతికే ఉన్నానని మెగాట్రాన్ అంటున్నాడు. ఇన్నేళ్లుగా కలలుగన్న క్షణం. తోసేశాడు. తలుపు మూసీ మూయకముందే లోపల తర్వాతి నాయకుడెవరని కొట్టుకోవడం మొదలైంది.

శూన్యంలో తేలుతున్న మెగాట్రాన్ యూనిక్రాన్ కంటబడ్డాడు. బేరం కుదిరింది. కొత్త దేహం, కొత్త సేన, కొత్త పేరు గాల్వట్రాన్. గొంతు ‘స్టార్ ట్రెక్’ లియొనార్డ్ నిమోయ్‌ది. ఆ సంగతి తెలియని స్టార్‌స్క్రీమ్ సైబర్‌ట్రాన్‌లో ముహూర్తం పెట్టుకున్నాడు.

ఇక్కడ దృశ్యాన్ని నెమ్మదిగా చూడాలి. మహావీరుల విగ్రహాల మధ్య సభ. భుజాల మీద కొత్త కవచపు అలంకారం, వీపున జారే రాజవస్త్రం. జెట్ విమానానికి శాలువా కప్పినట్టుంటుంది. కన్‌స్ట్రక్టికాన్లు, అంటే మామూలు రోజుల్లో బుల్‌డోజరు, క్రేను, సిమెంటు కలిపే లారీ అయ్యే కార్మిక రోబోలు, వరసగా నిలబడి బాకాలు ఊదుతున్నారు. సంగీతం సాగుతూనే ఉంది. స్టార్‌స్క్రీమ్‌కు ఓపిక నశించి, ఇక చాలించి కానివ్వండని విసుక్కుంటాడు. జీవితమంతా ఈ ఘడియ కోసం ఎదురుచూసినవాడు, ఆ ఘడియ వచ్చాక దాన్ని అనుభవించడానికి అర నిమిషం ఆగలేకపోయాడు! ఫ్రీడ్‌మన్ కావాలని రాశాడో, కలం ఆ ఊపులో పోయిందో గానీ, ఆ పాత్రను ఇంత చక్కగా పట్టుకున్న చోటు ఇంకొకటి లేదు.

కిరీటం తలకెక్కింది. ప్రసంగం మొదలైంది. పైనుంచి ముగ్గురు దిగారు. ముందున్న ఊదారంగు రోబో, ఈ పట్టాభిషేకం నాసిరకం హాస్యమని ఈసడించాడు. స్టార్‌స్క్రీమ్ ముఖంలో మొదట కోపం, తర్వాత అనుమానం. ‘మెగాట్రాన్? నువ్వేనా?’ అన్న ధోరణిలో ఒక్క ప్రశ్న. పేరు మారింది, రంగు మారింది, గొంతు మారింది, ఆకారం మారింది. అయినా పోల్చాడు. ఆ సభలో ఇంకెవరూ పోల్చినట్టు కనపడరు. సౌండ్‌వేవ్ లాంటి విశ్వాసపాత్రుడు కూడా కదల్లేదు. నాయకుణ్ని అందరికంటే బాగా ఎరిగినవాడు ఆ నాయకుడి చావు కోరుకున్నవాడే. గాల్వట్రాన్ ఫిరంగిగా మారి ఒక్క దెబ్బ వేశాడు. ఎరుపు, నీలం, తెలుపు రంగులన్నీ దిగిపోయి స్టార్‌స్క్రీమ్ దేహం బూడిదరంగుకు తిరిగి, పొడిపొడిగా రాలిపోయింది. కిరీటం నేల మీద పడింది. గాల్వట్రాన్ దాని మీద కాలేశాడు.

మూడునాళ్ల ముచ్చట అంటాం మనం. ఇది మూడు నిమిషాలు కూడా లేదు.

చంపింది గాల్వట్రాన్ కాదు, కేటలాగు. 1984 నాటి బొమ్మల అమ్మకాల కాలం తీరిపోయింది, 1986 నాటి కొత్త బొమ్మలకు అరలో చోటు కావాలి. ప్రైమ్‌ను చంపిన కారణం కూడా అదే. ఇందులో దాపరికం ఏమీ లేదు, ఆనాడు పనిచేసినవాళ్లే తర్వాత చాలా ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నారు. కాకపోతే ప్రైమ్ కోసం పిల్లలు ఏడ్చారు గనుక 1987లో ఆయన్ను తిరిగి బతికించారు. స్టార్‌స్క్రీమ్ కోసం ఎవరూ ఉత్తరాలు రాయలేదో ఏమో, ఆయన తన పని తనే చూసుకున్నాడు. దెయ్యమై వచ్చాడు.

నిజంగానే. మూడో సీజన్‌లో డిసెప్టికాన్ల సమాధుల దగ్గర అతని ఆత్మ తిరుగుతుంటుంది. గాల్వట్రాన్ అనుచరుడు సైక్లోనస్‌ను ఆవహించి, యజమాని మీద పగ తీర్చుకోవడానికి పథకం వేస్తుంది. ఇంకో ఎపిసోడ్‌లో తెగిపడ్డ యూనిక్రాన్ తలతో బేరమాడి సొంత దేహం తిరిగి సంపాదిస్తాడు. మళ్లీ గాల్వట్రాన్ చేతనే దెబ్బ తిని అంతరిక్షంలోకి కొట్టుకుపోతాడు. 1996లో వచ్చిన ‘బీస్ట్ వార్స్’లో ఈ ఆత్మ ఒక కందిరీగ రోబోను ఆవహించి, తాను యూనిక్రాన్‌తో పోరాడుతూ వీరమరణం పొందానని చెప్పుకుంటుంది. బ్లాకరాక్నియా అనే సాలీడు రోబోకు అసలు చరిత్ర తెలుసు గనుక సరిపోయింది. చచ్చాక కూడా సొంత చరిత్రను తిరగరాసుకోవడానికి ప్రయత్నించినవాడు ఇతనొక్కడే అనలేను, మన చుట్టూ చాలామందే ఉన్నారు.

కొత్త శతాబ్దంలోకి వచ్చేసరికి ఈ చరిత్రకు ఒక వరస అంటూ లేకుండా పోయింది. 2002-03 నాటి ‘ఆర్మడా’లో స్టార్‌స్క్రీమ్ ఏకంగా త్యాగమూర్తి. యూనిక్రాన్ ఎంత ప్రమాదకారో నాయకులకు అర్థమయ్యేలా చేయడానికి ప్రాణమిస్తాడు. 2007 మైకేల్ బే సినిమాతో మన దగ్గర చాలామందికి పరిచయమైనవాడు ఎఫ్-22 విమానం. మూడు సినిమాల్లో అతనికి దక్కిన సంభాషణలు, మొదటి కార్టూన్‌లో రెండు వారాల సణుగుడికి సరిరావు. 2011లో ఒక కుర్రాడి చేతిలో కంట్లో పేలుడు పదార్థంతో చచ్చాడు. ‘యానిమేటెడ్’లో ఎన్నిసార్లు చంపినా లేచి వస్తాడు. అతని పిరికితనం, అహంకారం, అబద్ధాలకోరుతనం ఒక్కొక్కటీ ఒక్కో నకలుగా విడివడి తిరుగుతాయి. ఐడీడబ్ల్యూ వాళ్ల కామిక్స్‌లో యుద్ధం ముగిశాక ఎన్నికల్లో గెలిచి సైబర్‌ట్రాన్ పాలకుడయ్యాడు! చచ్చిపోయిన బంబుల్‌బీ అనే ఆటోబాట్ మాత్రం అతనికొక్కడికే కనిపిస్తూ అంతరాత్మలా వెంటపడుతుంటాడు. 2023లో డేనియల్ వారెన్ జాన్సన్ మొదలుపెట్టిన కామిక్‌లో మళ్లీ కర్కోటకుడు, తొలి సంచికలోనే బంబుల్‌బీని చంపేస్తాడు. 2024 సినిమా ‘ట్రాన్స్‌ఫార్మర్స్ వన్’లో స్టీవ్ బుసెమీ గొంతు. ఒకడు అమరుడు, ఒకడు ముఖ్యమంత్రి, ఒకడు హంతకుడు. వీళ్లందరినీ ఒక తీగ మీద ఆరేయడం నావల్ల కాదు. అభిమానులు చేస్తారు గానీ దానికి వేరే జన్మ కావాలి.

వీటిలో నాకు నచ్చినది ఎన్నికల్లో గెలిచినవాడు. కుర్చీ దక్కిన మర్నాటి నుంచి దాన్ని ఏం చేసుకోవాలో తెలియక సతమతమయ్యే స్టార్‌స్క్రీమ్ ఆ కామిక్స్‌లోనే ఉన్నాడు. కానీ నిజమైన స్టార్‌స్క్రీమ్ ఎవరంటే మాత్రం 1984 నుంచి 1986 దాకా బతికినవాడే. త్యాగం నేర్పి అతన్ని బాగుచేసిన రచయితలు అతన్ని ప్రేమించారేమో గానీ అర్థం చేసుకోలేదు. ఆ పాత్రకు పశ్చాత్తాపం నప్పదు.

చూడాలనుకునేవాళ్లు సినిమాతో మొదలుపెట్టొద్దు. ముందు ‘ఫైర్ ఇన్ ద స్కై’, తర్వాత ‘స్టార్‌స్క్రీమ్స్ బ్రిగేడ్’, ఆ పైన 1986 సినిమా. పట్టాభిషేకం బరువు అప్పుడే తెలుస్తుంది. పక్కన చిన్నపిల్లలుంటే ఆప్టిమస్ ప్రైమ్ చనిపోతాడని, మరుసటేడు తిరిగొస్తాడని ముందే చెప్పి కూర్చోబెట్టండి.